మాత్రకు ఒక గడియారం, పొట్టకు ఒక గడియారం



ఇంతకాలం ఈ పుటలలో నేను మీకు జాగ్రత్తలు చెప్పేవాడిగానే కనిపించాను. ఈసారి నా పొరపాటు ఒకటి మీ ముందు ఉంచుతున్నాను.

2024 సెప్టెంబరు చివరి వారంలో బయలుదేరి, ఇరవై రెండు రోజులు ఇటలీ, స్పెయిన్ దేశాలలో ఒంటరిగా, అతి తక్కువ ఖర్చుతో తిరిగి వచ్చాను. అప్పటికి నాకు అరవై ఎనిమిదేళ్ళు. పద్నాలుగేళ్ళుగా మధుమేహం ఉంది. తిరిగి వచ్చినప్పటి నుండి భద్రకాళి చెరువు గట్టు మీద ఉదయపు నడకలో కలిసే మిత్రులు, ఫోనులో పలకరించే పాత రోగులు నన్ను మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. ఎంత ఖర్చయింది? తిండి ఎలా? ఒంటరిగా భయం వేయలేదా? మొదటి రెండింటికీ ఉత్సాహంగా, కొంత గొప్పగా కూడా సమాధానం చెబుతూ వచ్చాను. మూడవ ప్రశ్నకు నవ్వి ఊరుకున్నాను. దానికి అసలు సమాధానం గ్రనాడా అనే ఊరిలో ఒక సాయంకాలం జరిగిన సంఘటనలో ఉంది. మా పిల్లలకు కూడా ఆ సంగతి ఈ మధ్యనే చెప్పాను.

వెనిస్‌కే ఎందుకు వెళ్ళాను?

నా శ్రీమతి హనుమకొండలో ఒక పాఠశాలలో చరిత్ర బోధించేది. 13వ శతాబ్ది చివరలో వెనిస్ వర్తకుడు మార్కో పోలో మోటుపల్లి రేవును గురించీ, ఆ రాజ్యాన్ని ఏలుతున్న వివేకవతి అయిన రాణిని గురించీ రాశాడని పిల్లలకు ఏటా తప్పక చెప్పేది. ఆ రాణి మన రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. మార్కో పోలో ఆమెను చనిపోయిన రాజు భార్యగా పొరబడ్డాడు. నిజానికి ఆమె గణపతిదేవుని కుమార్తె. ఇక్కడి వజ్రాలను, సాలెగూటి దారాల వంటి సన్నని వస్త్రాలను అతడు మెచ్చుకున్నాడు. "ఆయన మన ఊరిని గురించి రాశాడు, మనం ఆయన ఊరు చూడవద్దా?" అనేది ఆమె. పదవీ విరమణ తరువాత ఇద్దరం వెళదామనుకున్నాము. ఆమెకు ఆ అవకాశం రాలేదు. అందుచేత నేను ఒక్కడినే బయలుదేరాను.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. "నాన్నా, నేను డబ్బు పంపిస్తాను, మంచి హోటళ్ళలో ఉండండి" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా పింఛనులో మిగిల్చిన సొమ్ముతోనే వెళ్ళాలని పట్టుబట్టాను. విమానపు టికెట్టు, వీసా, బీమా పోగా రోజుకు 55 యూరోలు, అంటే అప్పటి లెక్కన సుమారు ఐదు వేల రూపాయలు, దాటకూడదని నియమం పెట్టుకున్నాను. ఆ నియమంలో పొదుపు కంటే అభిమానం పాలు ఎక్కువని ఇప్పుడు తెలుస్తున్నది.

బయలుదేరేముందు చేసినవి

ముందుగా ఉపయోగపడే విషయాలు చెబుతాను. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్, గ్రీసు వంటి దేశాలన్నిటికీ కలిపి షెంజెన్ వీసా ఒక్కటే సరిపోతుంది. ఏ 180 రోజులలోనైనా మొత్తం 90 రోజులకు మించి అక్కడ ఉండరాదు. 2024 జూన్ నుండి పెద్దలకు వీసా రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ప్రయాణ బీమా లేనిదే ఆ వీసా ఇవ్వరు.

బీమా మాట వచ్చింది కనుక మరల మోటుపల్లికి వెళ్ళాలి. గణపతిదేవ చక్రవర్తి 1244 లో అక్కడ ఒక అభయశాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరకును రాజులు స్వాధీనం చేసుకొనేవారు. ఇకపై నియమిత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిచ్చాడు. పరదేశంలో ఆపద వచ్చినవానికి ఆదరువు కావాలన్న ఆలోచన ఎనిమిది వందల ఏళ్ళ కిందటే మన నేల మీద రాతికి ఎక్కింది. నేటి ప్రయాణికునికి బీమా పత్రం అటువంటి అభయశాసనమే. నేను దానిని కొన్నాను, ముద్రించుకున్నాను, సంచిలో పెట్టుకున్నాను. చదవడం మాత్రం మరిచాను. దాని ఫలితం ముందు ముందు చెబుతాను.

మందుల విషయంలో జాగ్రత్తగానే ఉన్నాను. ఇరవై రెండు రోజులకు కావలసినవాటికి అదనంగా పది రోజుల మందులు తీసుకున్నాను. అన్నిటినీ అసలు స్ట్రిప్పులతోనే, విమానంలో చేతి సంచిలోనే ఉంచాను. పెద్ద పెట్టె దారి తప్పితే మందులూ దానితోనే పోతాయి. ఇన్సులిన్ వాడేవారు దానిని సామాను గదిలోకి పోయే పెట్టెలో అసలే పెట్టరాదు. అక్కడి చలికి గడ్డకట్టి చెడిపోవచ్చు. చీటీ మీద మన కంపెనీ పేర్లు కాక మందు అసలు పేర్లు రాయించుకున్నాను. మన దగ్గరి బ్రాండు పేరు పరదేశపు మందుల దుకాణంలో ఎవరికీ తెలియదు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, టెల్మిసార్టన్ అంటే అందరికీ తెలుస్తుంది. నిద్రమాత్రలు, ట్రమడాల్, కొడీన్ ఉన్న నొప్పి మందులు తీసుకువెళ్ళేవారు వైద్యుని సంతకంతో కూడిన పత్రం తప్పక వెంట ఉంచుకోవాలి.

మా అమ్మాయి ఒక చిన్న అట్టముక్క తయారు చేసి ఇచ్చింది. నాకు మధుమేహం ఉన్నదని, మాట తడబడితే తీపి ఇమ్మని, ఎవరికి ఫోను చేయాలో దానిమీద ఇటాలియను, స్పానిషు భాషలలో రాయించింది. "నేను డాక్టరునమ్మా" అన్నాను. "అందుకే నాన్నా" అంది. ఆ అట్టముక్క పెట్టె అడుగున చేరింది.

పాదువాలో ఒక సలహా

హైదరాబాదు నుండి గల్ఫులో విమానం మారి వెనిస్ చేరాను. నాలుగు గంటలకు మించి కూర్చొని చేసే ప్రయాణంలో కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెట్టింపవుతుంది. దీర్ఘ విమాన ప్రయాణం చేసినవారిలో దాదాపు ఆరు వేలమందికి ఒకరికి ఇది సంభవిస్తుంది కనుక భయపడనక్కరలేదు. గంటకు ఒకసారి లేచి నడవడం, కూర్చున్నచోటనే పాదాలను పైకీ కిందికీ ఆడించడం, నీరు తాగడం మరువకుంటే చాలు.

వెనిస్ ద్వీపంలో బస ఖరీదైనది. రైలులో పది నిమిషాల దూరంలో ఉన్న మెస్త్రేలో, ఆరుగురు పడుకొనే గదిలో ఒక మంచం తీసుకున్నాను. తక్కిన ఐదుగురూ నా మనుమల ఈడువారు. నా గురకకు వారు, వారి అర్ధరాత్రి రాకపోకలకు నేను, రెండు రోజులలో అలవాటుపడ్డాము. మార్కో పోలో ఇల్లు ఉండేదని చెప్పే ఆవరణలో కాసేపు నిలబడ్డాను. నా శ్రీమతి ఉంటే అక్కడ ఎంతసేపు నిలబడేదో ఊహించుకున్నాను.

వైద్యునికి ఆ ప్రాంతం తీర్థయాత్ర వంటిది. క్వారంటైన్ అన్న మాట ఇటాలియనులో నలభై అన్న మాట నుండి వచ్చింది. మహమ్మారి రోజులలో ఓడలను నలభై రోజులు దూరంగా నిలిపేవారు. 1377 లో అడ్రియాటిక్ ఆవలి ఒడ్డున ఉన్న రగూసా, అంటే నేటి డుబ్రోవ్నిక్, ముప్పై రోజుల నిర్బంధంతో ఈ పద్ధతి మొదలుపెట్టింది. వెనిస్ 1423 లో ఒక ద్వీపం మీద ప్లేగు రోగుల కోసం ప్రత్యేక ఆసుపత్రిని స్థాపించింది. అక్కడికి అరగంట రైలు దూరంలో పాదువా ఉంది. 1222 లో మొదలైన ఆ విశ్వవిద్యాలయంలోనే వెసేలియస్ శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. రక్తప్రసరణను నిరూపించిన విలియం హార్వే 1602 లో పట్టా పుచ్చుకున్నదీ అక్కడనే. 16వ శతాబ్ది చివర కట్టిన శవపరీక్షా మందిరం నేటికీ నిలిచి ఉంది. ఆరు అంతస్తుల కొయ్య వరుసల కింద నిలబడి పైకి చూసినప్పుడు, కాకతీయ వైద్య కళాశాలలో మొదటి సంవత్సరపు ఫార్మలిన్ వాసన నా ముక్కుకు తగిలింది.

పాదువాలో చదువుకుంటున్న కరీంనగర్ కుర్రవాడొకడు నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విని దగ్గరకు వచ్చాడు. "సార్, మీరు ఒక్కరే వచ్చిండ్రా?" అని ఆశ్చర్యపోయాడు. తన గదికి తీసుకుపోయి పప్పు, అన్నం, నిమ్మకాయ పచ్చడి పెట్టాడు. నేను పొదుపు లెక్కలు చెబితే శ్రద్ధగా విని, "ఒక్క పూటన్న హాస్టల్ కిచెన్ల వండుకోండి సార్. పైసలు మిగుల్తయ్, కడుపు నిండుతది. ఇక్కడ తిండి టైములు మన లెక్క ఉండయ్" అన్నాడు. మంచి సలహా. తల ఊపాను. పాటించలేదు.

రోజువారీ పొదుపు

రోముకు వచ్చేసరికి పొదుపు నాకు ఆటగా మారింది. ఇటలీలో కాఫీ నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే అంతకంటె ఎక్కువ. నిలబడే తాగాను. రోము వీధులలో ఎప్పుడూ పారుతుండే మంచినీటి కుళాయిలు దాదాపు రెండున్నర వేలు ఉన్నాయి. ఆ నీరు శుభ్రమైనది, ఉచితం. సీసా నింపుకొంటూ తిరిగాను. ఈ రెండు పొదుపుల వలన నష్టం లేదు. మూడవదానితోనే వచ్చింది చిక్కు. మధ్యాహ్న భోజనానికి కూర్చుంటే పన్నెండు పదిహేను యూరోలు అవుతున్నవి. నేను శాకాహారిని, గుడ్డు వరకు తింటాను. ఒక రొట్టెముక్క, ఒక ఆపిలు కొనుక్కుని ఏ గుడి మెట్ల మీదనో తింటే రెండు యూరోలతో పోతుంది. రాత్రి పుస్తకంలో లెక్క రాసుకొని, మిగిలిన పది యూరోలను చూసి సంతోషించేవాడిని. ఇంటి దగ్గర రోజుకు నాలుగు వేల అడుగులు నడిచే నేను అక్కడ పదహారు, పద్దెనిమిది వేలు నడుస్తున్నాను. ఆ అంకె చూసి కూడా సంతోషించేవాడిని. మాత్రలు మాత్రం ఇంటి దగ్గర వేసుకున్నన్ని, వేసుకున్న వేళకే వేసుకుంటున్నాను.

ఆహారం తగ్గింది, నడక నాలుగింతలైంది, మందు తగ్గలేదు. మీలో ఎవరైనా ఈ మూడు మాటలు నాతో చెప్పి ఉంటే, తరువాతి మాట వినకముందే నేను కేకలు వేసి ఉండేవాడిని.

గ్రనాడాలో ఆ సాయంకాలం

రోము నుండి చౌక విమానంలో మాలగాకు, అక్కడి నుండి బస్సులో గ్రనాడాకు చేరాను. మరునాడు ఉదయమే అల్‌హంబ్రా కోటకు ముందుగా కొనుక్కున్న టికెట్టు ఉంది. మధ్యాహ్నం వరకు ఆ రాజభవనాలలో, తోటలలో తిరిగాను. రెండు గంటలకు రొట్టె, ఆపిలు తిన్నాను. సాయంత్రం బసకు వచ్చి, ఏడుంబావుకు అలవాటుగా గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర వేసుకున్నాను. ఇంటి దగ్గర మాత్ర వేసుకున్న అరగంటలోపు కంచం ముందు ఉంటుంది. సూర్యాస్తమయం వేళ కోట ఎర్రగా కనిపిస్తుందని చెప్పగా, ఎదుటి గుట్ట మీది అల్బైసీన్ పేటలో సాన్ నికోలాస్ అనే చోటికి ఎక్కాను. చూసి వచ్చి భోంచేద్దామనుకున్నాను.

స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు గంటలకు గాని మొదలు కాదు. రాత్రి భోజనానికి వంటశాలలు ఎనిమిదిన్నర, తొమ్మిది దాటితే గాని తెరవరు. కిందికి దిగుతూ రెండు చోట్ల అడిగాను. ఒకచోట తొమ్మిదికి రమ్మన్నారు. ఇంకొకచోట ధరల పట్టిక చూసి నేనే వెనుదిరిగాను. గ్రనాడాలో ఒక గ్లాసు ఏదైనా పానీయం కొంటే దానితో చిన్న పళ్ళెంలో తినుబండారం ఉచితంగా ఇచ్చే దుకాణాలు అనేకం. అందులో మాంసం ఉంటుందేమోనన్న శంకతో అటు వెళ్ళలేదు. పళ్ళరసం ఒక్కటే తాగి ఉన్నా సరిపోయేది.

ఎనిమిదిన్నర దాటింది. చల్లని గాలి వీస్తున్నది. నా చొక్కా వీపున చెమటతో తడిసిపోయింది. రాళ్ళు పరిచిన ఆ సన్నని సందులలో బసకు ఎడమవైపు తిరగాలో కుడివైపు తిరగాలో తెలియలేదు. గోడమీద వీధి పేరు కనిపిస్తున్నది కాని అక్షరాలు కూడి మాట కావడం లేదు. ఎవరో కుర్రవాడు ఏదో అడిగాడు. నాకు పట్టరాని కోపం వచ్చి తెలుగులో కసిరాను. చెమట, అయోమయం, కారణం లేని కోపం. ఈ మూడు లక్షణాలను ముప్పై ఐదేళ్ళు విద్యార్థులకు పాఠంగా చెప్పినవాడికి తన ఒంట్లో అవి వచ్చినప్పుడు గుర్తుకు రాలేదు. మెదడుకు చక్కెర అందకపోతే, చక్కెర అందడం లేదని గుర్తించవలసిన భాగమే ముందు మసకబారుతుంది. ఇందులోని ప్రమాదమంతా అదే.

ఒక చిన్న కిరాణా దుకాణం ముందు గుమ్మాన్ని పట్టుకుని నిలబడిపోయాను. లోపల ఒక పెద్దావిడ ఉన్నారు. నా నోటి నుండి "డయాబెటిక్" అన్న ఒక్కమాట వచ్చింది. స్పానిషులోనూ ఆ మాట ఇంచుమించు అదే. ఆమె మరేమీ అడగలేదు. కూరగాయల పెట్టె ఒకటి బోర్లించి దానిమీద నన్ను కూర్చోబెట్టి, కోకా కోలా డబ్బా మూత తీసి చేతికిచ్చారు. నా చేయి వణకడం చూసి తానే పట్టుకున్నారు. పావుగంటకు వీధి పేరు చదవగలిగాను. అప్పుడు రొట్టె, జున్ను ఇచ్చారు. కోలాకు డబ్బు తీసుకున్నారు గాని రొట్టెకు తీసుకోలేదు. దుకాణానికి తాళం వేసి, ఆకుపచ్చ సిలువ దీపం వెలుగుతున్న మందుల దుకాణం దాకా నాతో నడిచి వచ్చారు. అక్కడ పరీక్షిస్తే రక్తంలో చక్కెర 64. కోలా, రొట్టె తరువాతి అంకె అది. అంతకు ముందు ఎంత ఉండి ఉంటుందో మీరే ఊహించండి. నా గ్లూకోమీటరు, అమ్మాయి ఇచ్చిన అట్టముక్క బసలో పెట్టె అడుగున భద్రంగా ఉన్నాయి.

మందుల దుకాణంలోని యువతి ఆసుపత్రికి వెళ్ళమని గట్టిగా చెప్పింది. ఆమె చెప్పినదే సరి. గ్లిమెపిరైడ్ వంటి మాత్రల వలన తగ్గిన చక్కెర ఒకసారి పెరిగినా, మందు ప్రభావం ఉన్నంతసేపు మళ్ళీ పడిపోవచ్చు. ముఖ్యంగా పెద్ద వయస్సువారిలో, మూత్రపిండాలు బలహీనమైనవారిలో ఒక రోజంతా కూడా ఈ ప్రమాదం ఉంటుంది. నేను వెళ్ళలేదు. ఎంత బిల్లు అవుతుందో, పాత జబ్బు కనుక బీమావారు ఇవ్వరేమో అని భయపడ్డాను. ఇది నా రెండవ తప్పు, మొదటిదానికన్న పెద్దది. ఆ రాత్రి రెండు గంటలకొకసారి అలారం పెట్టుకుని లేచి, చక్కెర చూసుకుని, బిస్కెట్లు తిన్నాను. పై మంచం మీది పిల్లవాడికి సంగతి చెప్పి, అలారం మోగినా నేను లేవకపోతే 112 కు ఫోను చేయమన్నాను. అతడు పాపం సరిగా నిద్రపోలేదు. ఇంటికి వచ్చాక బీమా పత్రం చదివాను. ప్రాణాపాయ స్థితిలో పాత జబ్బులకు కూడా ఒక పరిమితి వరకు ఖర్చు భరిస్తామని మూడవ పుటలోనే ఉంది.

ఒక లారీ డ్రైవరు

ఆ రాత్రి మెలకువల మధ్య నాకు పదే పదే గుర్తుకు వచ్చినవాడు ఒక లారీ డ్రైవరు. ఇరవై ఏళ్ళ కిందట, తెల్లవారుజామున, స్పృహ తప్పిన స్థితిలో క్లీనరు అతనిని నా దగ్గరకు తెచ్చాడు. చక్కెర మాత్ర వేసుకుని తినకుండా రాత్రంతా బండి నడిపాడు. నరం ద్వారా గ్లూకోజు ఎక్కించగానే కళ్ళు తెరిచాడు. నేను నలుగురి ముందు అతనిని మందలించాను. మాత్ర వేసుకుని తినకుండా ఉంటావా, చెప్పిన మాట చెవికెక్కదా అని. అతడు తల వంచుకుని, "తిందామనే ఉన్న సారూ. ధాబాల రేటు ఎక్కువ చెప్పిండు. ఇంటికి పోయినంక తిందామనుకున్న" అన్నాడు. ఆ మాట నేను విన్నాను గాని పట్టించుకోలేదు. కేసు కాగితం మీద "ఆహార నియమం పాటించలేదు" అని రాశాను.

గ్రనాడాలో ధరల పట్టిక చూసి నేను వెనుదిరిగిన క్షణం అతని క్షణమే. అతనికి జేబులో డబ్బు లేదు, నాకు ఉంది. అతడు తన పిల్లల కోసం మిగుల్చుకున్నాడు. నేను నా పుస్తకంలో ఒక అంకె కోసం మిగుల్చుకున్నాను. రోగికి తెలియకపోవడం వలననే ఇటువంటివి జరుగుతాయని నా ఉద్యోగకాలమంతా నమ్మాను. నాకు తెలియనిదేముంది? మాత్రకు ఒక గడియారం ఉంటుంది, పొట్టకు ఒకటి, జేబుకు మరొకటి. ఈ మూడూ కలవని రోజులు బీదవానికి ప్రతి వారంలోనూ ఉంటాయి. నాకు ఇరవై రెండు రోజులు మాత్రమే ఉన్నాయి.

చక్కెర మాత్ర రాసేముందు "రోజూ ఎన్ని గంటలకు తింటావు? తినడం కుదరని రోజులు ఉంటాయా?" అన్న రెండు ప్రశ్నలు నేను ఎంతమందిని అడిగాను? లెక్క చూసుకుంటే సిగ్గు వేస్తున్నది. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి చవక కనుక రాసేవాళ్ళము. ఆ చవకదనం వలన లక్షలాదిమందికి మేలు జరిగిన మాట నిజమే. అయితే వేళకు తినలేని రోగికి, ఒంటరిగా ఉండే వృద్ధునికి అవి ప్రమాదకరం కావచ్చు. చక్కెరను మరీ తగ్గించని సిటాగ్లిప్టిన్ వంటి మందుల పేటెంటు మన దేశంలో 2022 లో ముగిసింది. వాటి ధరలు దిగివచ్చాయి. నేను తిరిగి వచ్చాక మా వైద్య మిత్రుడు నా మాత్ర మార్చాడు. మీ మాత్రను మీరై మీరు మార్చుకోకండి, మానుకోకండి. పైన రాసిన రెండు ప్రశ్నలకు మీ సమాధానాన్ని మాత్రం, మీ వైద్యుడు అడగకపోయినా, ఆయనతో చెప్పండి.

మీరు వెళ్ళదలచుకుంటే

తప్పక వెళ్ళండి. ఒంటరిగా వెళ్ళినా, తక్కువ ఖర్చుతో వెళ్ళినా భయం లేదు. ఈ కొన్ని విషయాలు మాత్రం గుర్తుంచుకోండి.

1. పొదుపును బస మీద, బండి మీద, కాఫీ మీద చేయండి. భోజనం, నీరు, నిద్ర, బీమా ఈ నాలుగింటి జోలికి పోవద్దు. బస ఖర్చు మిగులుతుందని వరుసగా రాత్రి బస్సులెక్కడం కూడా ఆరోగ్యానికి చేటే.

2. ఎక్కువగా నడవబోయే రోజులలో మాత్రల మోతాదు ఎంత ఉండాలో బయలుదేరక ముందే మీ వైద్యుని అడిగి రాయించుకోండి. కష్టపడి నడిచిన ప్రభావం ఆ రాత్రి, మరునాడు కూడా చక్కెర మీద ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లైక్లజైడ్ వాడేవారికి ఎక్కువ.

3. భోజనానికి ముందు వేసుకోవలసిన మాత్రను కంచం ముందుకు వచ్చాకనే వేసుకోండి. గడియారం చూసి వేసుకోవద్దు. వేసవి కాలపు లెక్కలో ఇటలీ, స్పెయిన్ మనకంటె మూడున్నర గంటలు వెనుక ఉంటాయి, చలికాలంలో నాలుగున్నర. ఇన్సులిన్ వాడేవారు ప్రయాణపు రోజు మోతాదును ప్రత్యేకంగా అడిగి తెలుసుకోవాలి.

4. చక్కెర 70 కంటె తగ్గినా, అటువంటి లక్షణాలు కనిపించినా, 15 గ్రాముల చక్కెర వెంటనే తీసుకోవాలి. మూడు చెంచాల పంచదార గాని, 150 మిల్లీలీటర్ల మామూలు కూల్‌డ్రింకు గాని చాలు. డైట్ అని రాసి ఉన్నది పనికిరాదు. చాక్లెట్టులోని కొవ్వు వలన చక్కెర ఆలస్యంగా అందుతుంది. 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించి, తగ్గే ఉంటే మళ్ళీ తీసుకోవాలి. తరువాత భోజనం చేయాలి. మనిషి స్పృహలో లేకపోతే నోటిలో ఏమీ పోయరాదు, అంబులెన్సును పిలవాలి.

5. రక్తపుపోటుకు గాని గుండెకు గాని బీటా బ్లాకర్లు, అంటే అటెనలాల్, మెటోప్రొలాల్ వంటివి వాడేవారికి గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. చల్లని వేళ కారణం లేకుండా చెమట పడితే ముందు చక్కెరను అనుమానించండి.

6. ఐరోపా సమాఖ్య దేశాలన్నిటిలోనూ అత్యవసరానికి 112 కు ఉచితంగా ఫోను చేయవచ్చు. ఆకుపచ్చ సిలువ గుర్తు మందుల దుకాణానిది. రాత్రి ఏ దుకాణం తెరిచి ఉంటుందో మూసిన దుకాణపు తలుపు మీద రాసి ఉంటుంది.

7. జూలై, ఆగస్టు నెలలలో వెళ్ళవద్దు. మన ఎండలు చూసినవారికి అక్కడి ఎండ ఒక లెక్కా అనుకోవద్దు. 2022 వేసవిలో ఐరోపాలో వేడిమి వలన అరవై వేలమందికి పైగా మరణించారని పరిశోధకులు అంచనా వేశారు. వారిలో అధికులు వృద్ధులు. ఏప్రిల్, మే, అక్టోబరు నెలలు అనుకూలం.

8. బీమా పత్రాన్ని ఇంటి దగ్గరే చదవండి. పాత జబ్బుల గురించి ఏమి రాశారో ఎర్ర గీత గీసుకోండి. మీ జబ్బు, మందుల వివరాలున్న అట్టముక్కను చొక్కా జేబులో పెట్టుకోండి.

మర్నాడు సాయంకాలం నేను మళ్ళీ ఆ కిరాణా దుకాణానికి వెళ్ళాను. పెద్దావిడ నన్ను గుర్తుపట్టి, మొదట నా ముఖం వంక, తరువాత గోడ గడియారం వంక చూసి, చేతితో తింటున్నట్టు సైగ చేశారు. తిన్నాను అని తల ఊపాను. ఆమె నమ్మలేదు. రెండు నారింజపండ్లు సంచిలో వేసి, ఈసారి డబ్బు తీసుకున్నారు.

మిగిలిన ఎనిమిది రోజులూ మధ్యాహ్నం రెండు గంటలకు కూర్చుని భోజనం చేశాను. రోజువారీ లెక్క 55 యూరోలు దాటింది. లెక్కల పుస్తకంలో రాయడం మానేశాను. అబ్బాయికి ఈ సంగతులన్నీ చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మళ్ళీ ఎప్పుడు వెళ్తారు నాన్నా?" అని అడిగాడు. వచ్చే ఏప్రిల్‌లో పోర్చుగల్ అన్నాను. "అట్ట జేబులో ఉంటుందా?" అన్నాడు. ఉంటుందన్నాను.